సాక్షి సంతకం

ముప్పై ఒక్క ఏండ్లుగా
చిత్తూరు రిజిస్ట్రారాఫీసు ముందర, రేకుల పంచలో నా బల్ల.
ఎవురెవురి భూములకో నాలుగు దిక్కులూ రాసినా.
తూర్పున వంక, పడమట ఫలానా వాళ్ళ చెరుకు,
ఉత్తరాన బండ్ల బాట.
మా దేశమ్మవ్వ అన్న ఏ దిక్కుకు పోయినాడో
అది మాత్రం రాయలేకపోయినా.

బెల్లం బండి తోలుకోని మండీకి వచ్చినాడంట.
మూడోనాడు ఎద్దులు రెండూ
ఖాళీ బండి ఈడ్చుకుంటా వాటంతటవే ఇల్లు చేరినాయంట.
కాడిమాను మింద ఆయన తుండుగుడ్డ,
మడత పెట్టింది పెట్టినట్టే.

కోలారు గనుల్లో దిగినాడన్నారు.
వేలూరు జైల్లో ఉండాడన్నారు.
తిరుపతి గంగమ్మ జాతరలో
బైరాగి వేషం కట్టినోని నడక
అచ్చం మనోడి నడకేనని ఒకాయన కర్పూరం ఆర్పి చెప్పినాడంట.
మర్సటేడు మా అవ్వ, ఎనిమిదేండ్ల పిల్ల,
జాతరంతా మొగాలు చూడకుండా
సున్నం పూసిన కాళ్ళు చూసుకుంటా తిరిగింది.

నేను కాగితాల్లో తిరిగినా.
పూతలపట్టు బడి రిజిస్టర్లో
ఆయన జూలై ఒకటిన పుట్టినాడు.
ఆ పేజీలో పిల్లకాయలంతా జూలై ఒకటినే పుట్టినారు.
చివరి గడిలో ‘మానినాడు’ అని ఒక్క మాట.
ఓటర్ల జాబితాల్లో చెంగల్రాయుళ్ళు పదకొండు మంది,
పదకొండు మందికీ ఇండ్లున్నాయి, పెండ్లాలున్నారు,
మా వాడు ఒక్కడూ కాదు.
చావుల లెక్కలోనూ లేడు.
అది చూసి సంతోషపడాల్నో ఏమో తెలీక
బయటికొచ్చి టీ తాగినా.

మొన్న బంగారుపాళెం మామిడితోపు తగాదా ఒకటి వచ్చింది.
లింకు దస్తావేజుల కోసం పాతవి తిరగేస్తా ఉంటే
ప్లవ నామ సంవత్సరం, మార్గశిరం,
పురుగు తిన్న శుద్ధ క్రయపత్రం.
అమ్మినోడు ఆయన కాదు, కొన్నోడు ఆయన కాదు.
కింద, కాగితం అంచున, రెండో సాక్షి.

సంతకంలో ‘డు’ కొమ్ము
ఎద్దు కొమ్ము మాదిరి పైకి లేసి
పై వరసలో పేరును పొడస్తా ఉంది.
దాని పక్కన వేరే చేత్తో, లేఖరి చేత్తో:
‘తవణంపల్లె మొగిలమ్మ కొమారుడు.’

నా బతుకులో రాసిన వేల పత్రాల్లో
తండ్రి పేరు ఉండాల్సిన చోట
అమ్మ పేరు నేనెప్పుడూ రాయలేదు.
ఆ లేఖరి ఎన్నిసార్లు అడిగుంటాడో.
రెండో పెండ్లాం మాట విని
చెర్నాకోలతో కొట్టిన నాయన పేరు
ఈయన ఎన్నిసార్లు మింగుంటాడో.

ఒక చీటీ మింద ఎత్తి రాసుకోని
రేత్రి అవ్వకు చదివి వినిపించినా.
అన్న దొరికినాడని ఏడస్తాదేమో అనుకున్నా.
ఆమె అన్న మాటే ఎత్తలా.
‘మా యమ్మకు పేరుండిందా’ అనింది.

తవణంపల్లోళ్ళామె అంటానే పిలిచి
తవణంపల్లోళ్ళామె అంటానే పూడ్చినారు.
పాలు మరవకముందే పోయిన తల్లి పేరు
ఎనబై ఏడేండ్లు అవ్వకు ఎవురూ చెప్పలేదు,
అవ్వా అడగలేదు.
‘ఇంగోసారి చెప్పు’ అనింది.
చెప్పినా.
చెముడు లేదు ఆమెకు. అయినా ఇంగోసారి చెప్పమనింది.

ఆ సంతకం కండ్లతో చూస్తానంటే
నకలు కోసం ఆటోలో పిల్చకపొయినా.
కౌంటర్లో పిల్లోడు కొత్తోడు.
‘అవ్వా, తండ్రి పేరో మొగుడి పేరో చెప్పు.’
‘మొగిలమ్మ కూతురు, రాసుకో.’
‘అట్ల తీసుకోదవ్వా ఇది’ అని
కంప్యూటర్ను మా పక్కకు తిప్పి చూపించినాడు.
వెనకాల క్యూలో ఎవురో దగ్గినారు,
మధ్యాన్నం భోజనం టయిమయిందని ఎవురో అన్నారు.

అవ్వ రెండు చేతులూ కౌంటరు బండ మింద పెట్టింది.
జరగలా.